మోకాటి లోతు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు జమ్మలమడుగులో అలీ అహ్మద్ నేసేది తక్కువ, ఏడ్చేది ఎక్కువ. పొద్దున్నే ఛాయ్ తాగి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని మొదలుపెట్టేవాడు. నూలు బాగాలేదు. నడుం నొప్పి. పెళ్లాం ఖాతూన్‌బీ వేంపల్లెలో పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. ఒక్కో ఏడుపుకు గుంట ఒక్కో వేలి మందాన కిందికి దిగేది. మోకాటి లోతుండాల్సిన గుంట రంజాన్ నాటికి నడుముకొచ్చింది, బక్రీద్ నాటికి మెడకొచ్చింది.

గుంట దిగినందుకు వీధిలో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. అంత ఏడిస్తే దిగక ఏమవుతుంది? వాళ్లకు రోత పుట్టింది వాడి నోటితోనే.

అందరికంటే ఎక్కువ రోత వాడి అక్క రహమత్‌బీకి. మొగుడు పోయినప్పటినుంచి తమ్ముడి పంచనే ఉంటూ, మగ్గం పక్కన రాట్నం పెట్టుకుని నేతకు కావాల్సిన నూలు కండెలు చుట్టేది. ఇరవై ఏళ్లు చూసి చూసి నేత మొత్తం ఆమె కంట్లో ఉంది. అయినా ఆడదానికి రాట్నం చాలన్నారు, మగ్గం ఎవరూ ఎక్కనియ్యలేదు.

ఇప్పుడు వాడి చేతికి అడ్డపోగు విసిరే నాడె అందడం లేదు. చీర సగంలో ఆగిపోయింది. మగ్గం సొంతదారు అమీర్ బాషా వచ్చి చూసి, "శుక్రవారానికి చీర దిగకపోతే మగ్గం ఇప్పుకోని పోతా" అని చెప్పి పోయినాడు. అది పోతే అక్కాతమ్ముళ్లిద్దరికీ కూడు లేదు.

పక్క మగ్గం మక్బూల్ మోకు తెచ్చి గుంటలోకి వేసినాడు.

"పట్టుకోప్పా, లాగుతా."

"గరుగ్గా ఉంది భాయ్. అరచేతులు కొట్టుకపోతాయి. నా నసీబే ఇంత." అలీ అహ్మద్ గడ్డం దాకా దిగినాడు.

"థూ! కాళ్లు లేవా, చేతులు లేవా? ఏందిరా నీ ఏడుపు? ఖాతూన్‌బీ పోయిందంటే పోదా మరి! నీ పక్కన పెడితే పాలు గూడా విరిగిపోతాయి. నోరు మూసుకోని పైకి రా."

"నా బాధ ఎవురికి పట్టింది?" ఇంకో వేలు దిగినాడు. మక్బూల్ మోకు విసిరికొట్టినాడు.

రహమత్‌బీకి ఒళ్లు మండిపోయింది. రాట్నం ఆపేసి అందుకుంది. "వీనితో ఏగలేక చస్తాండా మక్బూలూ! నా మొగుడుంటే ఈడ పడుంటానా? కండ్లు పోతాండాయి, నడుం ఇరిగిపోతాంది, తిన్నావా అని ఒక్కరన్నా అడిగినారా? నా ఖర్మ..." పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఆపలేదు.

మక్బూల్ కిందికి చూసినాడు. "అక్కా, నువ్వు గూడా దిగుతాండావు."

చూసుకుంది. ఆమె కాళ్లు పెట్టిన చోట నేల మోకాళ్ల దాకా దిగింది. ఇంతసేపూ తన గొంతు అచ్చం తమ్ముడి గొంతేనని అప్పుడు తెలిసింది. ఛీ అనిపించింది, తన మీద తనకే. తర్వాత తన కింద పడిన ఆ గుంటలో కాళ్లు ఆడించి చూసింది.

"మగ్గం ఈడికి జరుపు మక్బూలూ."

"నేసేదెవురు? నువ్వా?"

"గుంట కొలువు."

మక్బూల్ జానతో కొలిచినాడు. సరిగ్గా మోకాటి లోతు. మగ్గం జరపను మనుషుల్ని పిలవడానికి పోయినాడు.

గురువారం సాయంత్రానికి చీర దిగింది. అమీర్ బాషా అంచు తిప్పి తిప్పి చూసి, ఇంకో చీరకు నూలు ఇచ్చిపోయినాడు.

"నా మగ్గం గూడా పాయ," అని పాత గుంటలోంచి వినబడింది. "ఈడ శానా చీకటి. దోమలు."

రహమత్‌బీ నోరు తెరిచింది. తన గుంట ఇంకొక్క వేలు దిగితే తొక్కుడు చెక్కలకు కాళ్లందవు. నోరు మూసుకుంది. రాట్నాన్ని మోకుకు కట్టి తమ్ముడి గుంటలోకి దించింది.

"కండెలు చుట్టు. పోగు తెగకుండా చూసుకో."