ఇనస్పెక్టరుగారి సంచి

కాట్రేనికోనలో గున్నేశ్వరరావు కిరాణా కొట్టుకి ఫుడ్ ఇనస్పెక్టరుగారు వస్తే, తనిఖీ వంటింట్లోనే జరిగేది. ఆయన సంచిలో శాంపిలు సీసాలు, సీలు వేసే లక్క ఉండేవి గానీ అరిటాకు ముందు కూర్చున్నాక వాటి సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

కొట్లో కారంలో ఇటుకపొడి ఉందని గున్నేశ్వరరావుకి తెలుసు, కలిపేది తనే కాబట్టి. శాంపిలు తీస్తే కొట్టు మూతపడుతుందనీ తెలుసు. అందుకే ఆరోజు పండుగప్ప చేపల పులుసు పెట్టించాడు.

ఎర్రటి పులుసు చూసి ఇనస్పెక్టరుగారి చెయ్యి ఆగింది.

"ఈ కారం మీ కొట్లోదేనాండీ?"

అతిథి ముద్ద ఆపితే గున్నేశ్వరరావు భార్య ప్రసన్న ప్రాణం ఒప్పలేదు.

"అయ్యయ్యో, ఎంత మాటండీ! కొట్లో సరుకు మా వంటింటి గడప తొక్కదండి. ఇది ఇంట్లో దంపించిందండి. మొహమాటపడకుండా తినండి!"

గున్నేశ్వరరావు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మరి నెలనెలా మా ఇంటికి పంపించే కారమో?"



ఆయన ఎడంచేత్తో సంచి లాక్కున్నారు. ప్రజల ఆరోగ్యం మీద ఆయనకంత ప్రేమ పుట్టడం అదే మొదలు. కానీ ఉద్యోగంలో చేరాక ఎన్నడూ తెరవని సంచి, జిప్పు తుప్పుపట్టి కదల్లేదు. లాగి లాగి చెమటలు పట్టాయి.

పెద్దమనిషి అవస్థ చూడలేక గున్నేశ్వరరావే కొబ్బరినూనె తెచ్చి జిప్పు మీద పోశాడు.

"ఇదీ కొట్లోది కాదండి, మేం గానుగాడించుకున్నదండి. ఇప్పుడు లాగండి."

జిప్పు జర్రున వచ్చేసింది.