లాకర్లోని ఆకుపచ్చ సీసా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనంతా అంటుంది. అననీ. మా ఆడబిడ్డ తిరుమల మా ఆయన చివరి చొక్కాను సర్ఫులో నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి మరీ చేతిలో పెడితే ఎవరికి రాదు కోపం? ఆయన పోయి ఏడాది. ఆయన వాసన ఆ చొక్కా కాలరులోనే మిగిలింది. "మురికి పట్టింది వదినా, అందుకే ఉతికిన" అన్నది పాపం. ఆ రోజు ఆమెను తిట్టని తిట్టు లేదు. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఆయన మొహం గుర్తుంది, గొంతు గుర్తుంది. వాసన మాత్రం ఎంత తలచుకున్నా రాలేదు.

మా ఆయన విజయేందర్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగాక అక్కడే స్నానం, అక్కడే సెంటు. ఆపైన దోస్తులతో చాయ్, ముచ్చట్లు. ఇల్లు చేరేసరికి గంట దాటేది. సెంటు సీసా లాకర్లోనే ఉండేది, ఇంటికి ఒక్కనాడూ తేలేదు. "బొగ్గు తవ్వెటోనికి సెంటెందుకయ్యా, ఎవలకు సూపెట్టెతందుకు?" అని ఎత్తిపొడిస్తే నవ్వేవాడు.

"బాయి వాసన బాయిలనే ఉండాలె స్వరూపా. ఇంట్లకు దాన్నెందుకు తెచ్చుడు?"

ఆయన పోయాక బాయి దగ్గరి లాకర్ ఖాళీ చేసినప్పుడు ఆయన దోస్తు ఇస్తారి ఆ సీసాను తెచ్చి ఇచ్చాడు. ఆకుపచ్చది, ఉత్త ఖాళీ, వాసన కూడా మిగల్లేదు. చొక్కా గొడవ అయ్యాక ఆ సీసా పట్టుకుని, కాలేజీ చదివే మా బిడ్డ భూమికతో కరీంనగర్ బస్సెక్కాను.

సెంట్ల దుకాణం ఓంప్రకాశ్ సీసాను తిప్పి తిప్పి చూశాడు. "పాత మాల్. అయినా ఉన్నదమ్మా" అంటూ లోపలి నుంచి అలాంటిదే కొత్తది తెచ్చాడు. నా మణికట్టు మీద ఓసారి, భూమిక మణికట్టు మీద ఓసారి కొట్టాడు. ఆత్రంగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిమ్మతొక్క! పచ్చి నిమ్మతొక్క గిల్లినట్టు ముక్కు అదిరింది.

"ఇది గాదు. డూప్లికేట్ అంటగడ్తున్నవా?"

"అదేనమ్మా. జర ఆగు, ఒంటికి పట్టనియ్యి."

"ఇన్నేండ్లు కాపురం జేసిన. నా మొగని వాసన నాకు తెల్వదా?"

"అయితే తీసుకోకు. నా దుకాణంల లొల్లి పెట్టకు."

విసురుగా బయటికి వచ్చాను. వెనకాలే భూమిక గొణిగింది. "ఆయన ఆగుమన్నడు గదనే అవ్వా. నీకు ఆగుడే రాదు."

"నోర్ముయ్" అన్నాను.

తిరుగు బస్సులో సుల్తానాబాద్ దాటాక ఊరికే చెయ్యి వాసన చూసుకున్నాను. నిమ్మ ఎటో పోయింది. మంగలి షాపులోని గడ్డం సబ్బు నురగలాంటి వాసన వస్తోంది. ఎక్కడో తెలిసినట్టే ఉంది. ఆశ పుట్టింది. పెద్దపల్లి దాకా చేతిని ముక్కు నుంచి తియ్యలేదు. తీరా చూస్తే అది తియ్యటి పౌడరు వాసనగా మారి ఊరుకుంది. అది ఆయన కాదు. మనిషి ఎలాగూ దక్కలేదు, వాసన కూడా దక్కదని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

ఎండ కొడుతోందని భూమిక నా మీదుగా చెయ్యి చాపి కిటికీ అద్దం జరిపింది.

నేను బిగుసుకుపోయాను. వానకు తడిసిన చెట్టు బెరడు, దాని మీది పాచి, ఎండుకట్టె, వాటి అడుగున వెచ్చటి ఒంటి వాసన. గుమ్మం పక్కన చెప్పులు విడిచి "చాయ్ పెట్టినవా?" అని అడిగే మనిషి. గబుక్కున దాని మణికట్టు పట్టుకున్నాను. ఆ నిమ్మతొక్కలూ నురగలూ ఎప్పుడూ దోస్తుల పాలే, మా ఇంటిదాకా వచ్చింది ఈ చివరి వాసన ఒక్కటే. అది నా చేతికి రాలేదు. ఆయన కన్నబిడ్డ చేతికే వచ్చింది.

"ఏమైందే అవ్వా? అందరు సూస్తుండ్రు."

"సూడనియ్యి."

భూమిక నా పక్కకు జరిగింది. "రేపు మళ్ల పోయి సీసా కొందామా? ఆ సేటు తిడ్తడేమో."

"తిట్టనియ్యి, పడ్త. ఇప్పుడైతె చెయ్యి గుంజుకోకు బిడ్డా." దాని అరచేతిలో మొహం పెట్టుకుని భోరుమన్నాను. "మీ బాపు డ్యూటీ దిగి వచ్చిండే."