సంతకం పెట్టి వచ్చేసిన క్లాసు

ఇలా దగ్గరికి జరుగు బంగారూ, ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. మీ పెద్దమ్మమ్మ గొంతు ఎందుకలా బొంగురుపోయిందో చెబుతాను.

మా అక్క ఆసుపత్రిలో పెద్ద నర్సు. నేను అదే వార్డులో ఆయాను. ఏటా నర్సులంతా రెండు రోజులు క్లాసుకు కూర్చోవాలని, లేకపోతే లైసెన్సు మళ్ళీ ఇవ్వరని రూలు తెచ్చారు. అక్కకు ఒళ్ళు మండింది.

"ముప్పై ఏళ్ళుగా సూదులు పొడుస్తున్నా. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పేదేంటే? తాతకు దగ్గులు నేర్పినట్టు!"

సీనియర్లందరికీ ఒకటే అలవాటు: సంతకం గీకడం, వెనక తలుపులోంచి జారుకోవడం. అక్క కూడా అదే చేసింది. టీ గ్లాసులు పట్టుకెళ్ళిన నేను మాత్రం గోడకానుకుని చివరిదాకా విన్నాను. ఆ రోజు పాఠం, మీద పడ్డవాడి నుంచి తప్పించుకోవడం. మెడలో పేరు కార్డు తాడు ఎవడైనా పట్టుకుంటే వెనక్కి గుంజుకోకూడదట. గడ్డం దించి వాడి మీదికే వెళ్ళాలట. లాగితే ఊడిపోయే తాళ్ళు పంచారు. అక్కకొకటి తెచ్చిచ్చాను.

"నీ పాండిత్యానికో దండం" అని అల్మారాలో పడేసింది.

నాలుగో రోజు పొద్దున్నే ఆరో మంచం ముసలాయన పోయాడు. కబురు అక్కే చెప్పింది. ఆయన కొడుకు, తలుపంత మనిషి, "చంపేశారు కదే!" అంటూ మందుల బండిని తన్నాడు. సీసాలు భళ్ళున పగిలాయి. మరుక్షణం అక్క మెడలో పాత తాడు వాడి పిడికిలికి రెండు చుట్లు తిరిగింది. అక్క వెనక్కి గుంజుకుంది. గుంజుకున్నకొద్దీ ఉరి బిగిసింది. మొహం నల్లబడింది. వాడు ఆమె తలను గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గోడ మీద నెత్తురు జారింది.

"అక్కా, వాడి మీదికే వెళ్ళు! గడ్డం దించు!" అని అరిచాను. నా మాట ఏనాడు విన్నదని?

చేతికి సెలైన్ స్టాండు దొరికింది. వాడి మోచేతి మీద బలంకొద్దీ దించాను. ఎముక పుటుక్కుమంది. అయినా వదల్లేదు. రెండో దెబ్బ చెవి మీద పడింది. అప్పుడు కూలబడ్డాడు, "నాన్నా, నాన్నా" అని ఏడుస్తూ. కట్లు కోసే కత్తెరతో తాడు కోశాను. మాంసంలోకి దిగిపోయి ఉంది.

అక్క బతికింది, గొంతు బతకలేదు. పై ఏడు నేను టీ తెచ్చేసరికే క్లాసులో ముందు వరసలో ఉంది. మారిపోయిందనుకోకు. "ఈ పిల్లకి చెప్పడం రాదే" అని నా దగ్గర గరగరమంటూ విసుక్కుంటూనే, లేచి ఆ పిల్ల ముందుకు మెడ చాచింది. "పట్టుకో. గట్టిగా పట్టుకో. నేను నేర్చుకోవాలి."

నువ్వూ నర్సు చదువుకి వెళ్తున్నావు కదా తల్లీ, ఇది మనసులో పెట్టుకో. నీతో చదివే పిల్లలకూ చెప్పు. భయపడతారని నెత్తురు తీసేసి చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పు.