ఆగా ఊరి ఉక్కు

కొలిమి పక్కన గొంతుక్కూర్చుని ఖుదాదాద్ చల్లారిన ఉక్కు ముద్దలను ఒక్కొక్కటే అరచేతిలో తిప్పి, చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. బోలుగా మోగినది ఎడమకు, గట్టిగా మోగినది కుడికి. కనుబొమల వెంట్రుకలు ఎప్పుడో మంటకు మాడిపోయాయి. ఈ కోనసముద్రం ఊరి ఉక్కు ఏరి కొనడానికి పారశీక దేశంలోని ఇస్ఫహాన్ షావుకారు పడుచువయసులో పంపిన మనిషి, ఇక్కడే ముసలివాడయ్యాడు. ఊరంతా మర్యాదగా ఆగా అని పిలుస్తుంది గానీ పండక్కి పిలిచిన ఇల్లు లేదు.

ఇలాంటి ఉక్కు పారశీకంలోనే తయారైన రోజున ఇంటికి రావచ్చునని షావుకారు మాట. ఖుదాదాద్ చెప్పి పంపిన పద్ధతిలో అతని సొంత ఊళ్ళో పోసిన ముద్ద ఒకటి మొన్న బందరు రేవు నుంచి బండ్లలో వచ్చింది. కమ్మరి గంగన్న దాన్నొక కత్తిగా, ఇక్కడి ముద్దనొక కత్తిగా సాగదీశాడు. పరీక్ష ఈ రోజే. ఆగా పొద్దుటి నుంచి గంజి కూడా ముట్టలేదు.

ఉక్కులోని చారలు పైకి తేలడానికి గంగన్న రెండు కత్తుల మీదా అన్నభేది నీళ్ళు రుద్దాడు. కోనసముద్రం కత్తి మీద ముతక అలలు తేలాయి. పారశీకపు కత్తి మీద తలవెంట్రుకలంత సన్నని అలలు.

"అబ్బో! గిది మాదానికంటే సోకున్నదే, ఆగా!"

ఖుదాదాద్ పసివాడిలా నవ్వేశాడు.

కత్తులను మొద్దు చీలికలో దూర్చి వంచారు. కోనసముద్రం కత్తి వంగి, మళ్ళీ నిటారుగా లేచింది. రెండోది టప్పున విరిగింది.

గంగన్న ముక్కను ఏరి చేతిలో పెట్టాడు.

"నిలిచిందని కబురు పంపు. చూసింది మనిద్దరమే గద. బండెక్కి పో."

"నమ్మి ఒకడు లడాయికి తీస్కపోతడు గంగన్నా. గాడు మా ఊరోడే అయితే?"

"నీ ఊర్ల నిన్ను గుర్తువట్టేటోడు ఉన్నడా అసలు?"

"లేడేమో. అయినా పోవాలనే ఉంటది."

కత్తి విరిగిందని షావుకారుకు కబురు చేర్చమని ఖుదాదాద్ బండ్లవాళ్ళకు చెప్పాడు. మిగిలిన ముద్దలన్నీ తట్టి చూసి, నడుము వాల్చి వస్తానని తన గదికి వెళ్ళాడు.

పొద్దుగూకినా రాలేదు. గంగన్న జొన్నరొట్టె పట్టుకుని వెళ్ళాడు. ఆగా వట్టి నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"కింద పన్నవేంది, ఆగా?" అంటూ భుజం పట్టుకుని కదిపాడు. ఒళ్ళు చల్లగా ఉంది.

గంగన్న రొట్టె పక్కన పెట్టాడు. కప్పుదామంటే దుప్పటి కనబడలేదు. వెతికితే మూలన దొరికింది. బొంతా, దుప్పటీ చాపలో చుట్టి, కొత్త తాడుతో బిగించి కట్టి ఉన్నాయి. బండిలోకి ఎత్తడానికి వీలుగా పైన పిడిలా ఒక ముడి కూడా వేసి ఉంది.