శుక్రవారం కబుర్లు, ఆదివారం కుట్లు

ప్రతి శుక్రవారం బడి వదిలే వేళకి రెండో తరగతి పిల్లల సంచుల్లో ఒక కాగితం చేరుతుంది. దాని పేరు 'మన తరగతి కబుర్లు'. ఆ వారం ఏ ఎక్కం నేర్చుకున్నారు, ఎవరి పన్ను ఊడింది, కిటికీలో పెట్టిన చిక్కుడు మొక్క ఎందాకా పాకింది, వచ్చే వారానికి ఖాళీ అట్టపెట్టెలు తేవాలా, పాత మేజోళ్ళు తేవాలా, అన్నీ అందులో ఉంటాయి. తల్లులు దాన్ని వంటింటి గోడకి అంటించుకుంటారు. ఆ కబుర్లలో పేరు పడిన పిల్ల సోమవారానికల్లా పెరుగుతుంది. ఒక వాక్యం రాస్తే వేలెడు, రెండు రాస్తే రెండు వేళ్ళు. అందుకని ఆ తరగతి తల్లులెవరూ శనివారం నాడు చెప్పులు కొనరు. ఎందుకైనా మంచిదని సోమవారం దాకా ఆగుతారు.

ఎవరి పేరు వెయ్యాలన్నది టీచరు ఒక్కతే తేల్చదు. గురువారం చివరి పీరియడులో పిల్లలంతా గుండ్రంగా కూర్చుంటారు. ఈ వారం ఎవరు ఏ మంచి పని చేశారో చెప్పాలి. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోకూడదు, ఇంకొకరి గురించే చెప్పాలి. టీచరు విని, బాగున్నవి ఏరి రాస్తుంది. చెప్పినవాళ్ళ పేరు మాత్రం వెయ్యదు.

బడి వెనక వీధిలో, మేడ కింది వాటాలో టైలరమ్మ కుటుంబం ఉంటుంది. ఆమె బాగా పొట్టి. కుట్టు మిషను పెడలు అందదని, బస్సు డ్రైవరైన మొగుడు పెళ్ళైన కొత్తలోనే పెడలు మీద ఒక చెక్కముక్క తీగ చుట్టి బిగించాడు. అప్పట్నుంచి దాని మీద కాలు పెట్టే ఊరందరి బట్టలూ కుడుతోంది. పై వాటాలో మరిది సంసారం. తోడికోడలు పోస్టాఫీసులో గుమాస్తా, పొడగరి, నవ్వు మొహం. టైలరమ్మకి ఆ నవ్వు మొహం చూస్తేనే ఒళ్ళు మంట.

ఇద్దరి కూతుళ్ళూ ఒకే తరగతి. టైలరమ్మ కూతుర్ని అందరూ గుండీ అంటారు, చొక్కా గుండీ అంత ఉంటుందని. పైవాటా పిల్లని నిచ్చెన అంటారు. బడి తెరిచినప్పుడు ఇద్దరూ ఒకే ఎత్తు. ఇప్పుడు గుండీ నెత్తి నిచ్చెన భుజం దాకా కూడా రాదు. నిచ్చెన ఏ పని చేసినా పదిమంది చూసేలా చేస్తుంది మరి. పాట పాడితే కిటికీలు అదరాలి, సాయం చేస్తే బెంచీలు లాగిన చప్పుడు పక్క తరగతికి వినపడాలి. ప్రతి వారం ఆ పిల్ల పేరే.

పిల్ల పెరిగినప్పుడల్లా యూనిఫాం గౌను కురచైపోతుంది. ఆదివారం పొద్దున్నే తోడికోడలు గౌనూ పిల్లా ఇద్దర్నీ తీసుకుని మెట్లు దిగుతుంది.

"అక్కా, మళ్ళీ పెరిగింది! కాస్త ఆ అంచు మడత విప్పి పెడుదూ."

ఇంటి పిల్లే కాబట్టి కాదనడానికి లేదు. టైలరమ్మ స్టూలు మీద పిల్లని నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, కుట్లు విప్పుతుంది. ఒక్కో కుట్టూ టక్కున తెగుతుంటే ఆమె కాలు పెడలు మీద టపటపా కొట్టుకుంటుంది. తన చేత్తో పొరుగు పిల్ల పొడుగుని కొలవాల్సి రావడం కంటే చావు లేదనిపిస్తుంది. పొరుగు పిల్లేమిటి, తన మరిది కూతురు. అది గుర్తొస్తే ఇంకా మండుతుంది.

"నువ్వేం చేశావే ఈ వారం?" అని గుండీని నిలదీసింది ఒకరోజు.

మిషను కింద కూర్చుని గుడ్డపేలికలు ఏరుకుంటున్న గుండీ, "పెన్సిలు ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేశానమ్మా" అంది.

"ఎవరూ చూడలేదా?"

"అందరూ వెళ్ళాక ఏరాను."

"వాళ్ళు ఉండగా ఏరితే నీ సొమ్మేం పోయింది? నీ కడుపున పుట్టినా బాగుండేది నేను, కాస్త బుద్ధి చెప్పేదాన్ని" అని నెత్తి కొట్టుకుంది టైలరమ్మ. ఆ తలకిందుల మాటకి గుండీకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఆ శుక్రవారం కాగితంలో అడుగున ఇలా ఉంది: 'వచ్చే వారం తర్వాతి వారం చెరువు దగ్గరికి వెళ్తున్నాం. గట్టు మీద స్తంభానికి ఉన్న ఎర్ర గీత కంటే పొడుగున్న పిల్లలు టీచరుతో పెద్ద పడవలో వస్తారు. గీత అందని పిల్లలు పెద్దవాళ్ళతో తొక్కుడు పడవ ఎక్కాలి. ఆ పెద్దవాళ్ళ కాళ్ళు పెడళ్ళకి అందాలి.'

గుండీకి గీత అందదు. టైలరమ్మకి పెడలు అందదు. ఆ రోజు డ్రైవరుకి సెలవు దొరకదు. ఈ లెక్కంతా టైలరమ్మ తల్లో తిరుగుతుండగానే తోడికోడలు మెట్ల మీంచి తల వంచి అంది.

"అక్కా, నువ్వేం బెంగపెట్టుకోకు. నా కాళ్ళు బ్రహ్మాండంగా అందుతాయి. గుండీని నేను ఎక్కించుకుంటాలే."

ఆ మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు. అందుకే అది నేరుగా వెళ్ళి గుచ్చుకుంది. పిల్లని కన్నది నేను, నీళ్ళ మీద తిప్పేది ఆవిడా? చేతిలో కత్తెర టేబులు మీద కాస్త గట్టిగానే పెట్టింది టైలరమ్మ.

"పిన్ని పడవలో వెళ్తాలే అమ్మా" అంది గుండీ మెల్లగా. తల్లి మొహం చూసి, "నీతో అయితే బాగుండేది" అని కూడా అంది.

ఇక టైలరమ్మ ఆగలేకపోయింది. ఆదివారం నిచ్చెన ఒంటరిగా గౌను పట్టుకుని దిగొచ్చింది. దాన్ని స్టూలెక్కించి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడింది.

"ఇదిగో, ఈ గురువారం నువ్వు గుండీ పేరు చెప్పాలి. మంచి మాటలు నాలుగైనా చెప్పాలి. లేదంటే మళ్ళీ ఈ గౌను ముట్టుకోను. మోకాళ్ళ పైకి వచ్చినా అలాగే తిరుగు."

నిచ్చెన గుడ్లప్పగించి చూసి, "సరే పెద్దమ్మా" అంది.

ఏడేళ్ళ పిల్లని బెదిరించానేమిటని టైలరమ్మకి అనిపించకపోలేదు. కానీ వారమంతా ఆమె మనసులో గుండీ వేళ్ళ లెక్కన పెరుగుతూనే ఉంది. ఎర్ర గీత దాకా, గీత దాటి, నిచ్చెన చెవి దాకా. గుండీ గౌనుకి ముందే అడుగున మడత వదులు చేసి పెట్టుకుంది కూడా.

శుక్రవారం సంచిలోంచి కాగితం తనే లాక్కుంది. ఎక్కాలు, ఊడిన పళ్ళు, చెరువుకి టోపీలు తేవాలన్న మాట, అన్నీ గబగబా దాటేసింది. గుండీ పేరు లేదు. నిచ్చెన పేరూ లేదు. మధ్యలో ఇలా ఉంది:

'మన తరగతికి అందిన కబురు, టైలరమ్మ గారి గురించి. టైలరమ్మ గారు ప్రతి ఆదివారం ఒక పిల్ల గౌను కుట్లు విప్పి మళ్ళీ కుడతారు. విప్పేటప్పుడు ఆవిడకి కోపం వస్తుంది. కోపం వచ్చినా కుట్టు వంకర పోదు.'

ఆమె మళ్ళీ చదివింది. చెవులు వేడెక్కాయి.

"ఎవరు చెప్పారిది?"

గుండీ మిషను కిందికి దూరింది. గుమ్మంలో నిలబడ్డ నిచ్చెన మాత్రం దాచుకోలేదు.

"నేను గుండీ పేరే చెప్పాను పెద్దమ్మా! ఏం మంచి పని చేసిందమ్మా అని టీచరు అడిగింది. ఏమో టీచరు, పెద్దమ్మ చెప్పమంది, చెప్పకపోతే గౌను ముట్టుకోదట అన్నాను. అందరూ ఒకటే నవ్వు. అప్పుడు గుండీ లేచి నీ గురించి చెప్పింది. దాంతో ఎవరూ నవ్వలేదు."

ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. తల్లి పరువు పోతుంటే తరగతిలో లేచి నిలబడింది. టైలరమ్మకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గుండీని దగ్గరికి లాక్కుని, "నాకు కోపం వస్తుందని నీకెలా తెలుసే?" అంది.

"మిషను కిందే కదమ్మా నేనుండేది. నీ కాలు చూస్తే తెలుస్తుంది."

సోమవారం పొద్దున మిషను ముందు కూర్చోగానే టైలరమ్మ మోకాలు బల్లకి ఠంగున తగిలింది. కాస్త వెనక్కి జరిగింది. మళ్ళీ తగిలింది. ఇన్నేళ్ళుగా కాలి కింద ఉన్న చెక్కముక్క అడ్డమొస్తోంది. మొగుణ్ణి పిలిచి దాన్ని పీకించింది. అతను తీగ తెంపి, "పొయ్యిలోకి పనికొస్తుంది" అని బస్సు వేళైందంటూ వెళ్ళిపోయాడు. ఒట్టి ఇనప పెడలు మీద పాదం చల్లగా, నిండుగా ఆనింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి పడవ సంగతి.

చెరువు గట్టున గుండీని స్తంభం దగ్గర నిలబెట్టారు. గీత నెత్తి పైనే ఉంది. నిచ్చెన పెద్ద పడవెక్కి కేకలు పెడుతోంది. తోడికోడలు చీర అంచు పైకి దోపుకుని, గుండీ కోసం చెయ్యి చాచింది. ఆలోగానే టైలరమ్మ తొక్కుడు పడవలో దిగి కూర్చుంది. పడవవాడు వంగి చూశాడు. రెండు పాదాలూ పెడళ్ళ మీద ఉన్నాయి.

"ఎక్కవే" అంది టైలరమ్మ కూతురితో. "నువ్వు కాస్త ఇవి పట్టుకో" అని తమ రెండు జతల చెప్పులూ తోడికోడలి చేతికిచ్చింది.

తొక్కడం ఆమెకి ఒకరు నేర్పాలా? పడవ నీళ్ళ మీద కుట్టు వేసుకుంటూ పోయినట్టు తిన్నగా పోయింది. గుండీ చెయ్యి నీళ్ళలో పెట్టి కిలకిల నవ్వింది. టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. గట్టు మీద తోడికోడలు ఒక్కతే నిలబడి ఉంది. నవ్వు మొహంలో ఇవాళ నవ్వు లేదు. ఆ చూపు టైలరమ్మ వెంటనే గుర్తుపట్టింది. ఏడాది పొడుగునా ఆదివారాలు తను వేసుకున్న మొహమే అది. ఆమెకి భలే హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది.

"అమ్మా, గురువారం పిన్ని పేరు చెప్పనా?"

"ఏం ఘనకార్యం చేసిందని చెప్తావే?"

గుండీ గట్టు వైపు చూసి ఆలోచించింది. "నన్ను ఎక్కించుకుందామని వచ్చింది. ఇప్పుడు మన చెప్పులు పట్టుకుని నిలబడింది. కోపం వచ్చినా కింద పడెయ్యలేదు."

టైలరమ్మ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ తొక్కింది. పడవని ఇంకో చుట్టు తిప్పింది, కాస్త పెద్ద చుట్టే. గట్టు దగ్గర పడుతుండగా అంది.

"సరే, చెప్పు. ఒక్క వాక్యమే."