పక్కబొక్క కింద ఏముంది?

నాకు రోగాలంటే భయం లేదు. రోగాలకే నేనంటే భయం. ఊరంతా విషజ్వరాలతో పడుకున్న యేడు నన్ను కుట్టిన దోమ మంచాన పడింది తప్ప నాకేం కాలేదు. పక్కింటి కల్పనకు ఈ సంగతి చెబుతూ బీడీల చాట ఎత్తబోయానో లేదో, కుడి పక్కటెముక కింద ఎవరో కత్తెర దింపి తిప్పినట్టయింది. చాట జారింది. తంబాకు గాలికి లేచింది. కల్పన తుమ్మింది, నేను ఏడ్చాను.

మా అత్తమ్మ బాలవ్వ గడపలోంచే చూసింది. "షురువైంది నాటకం."

ఆమె తప్పేం లేదు. పోయిన బతుకమ్మకు గిన్నెలు, బట్టలు, వాకిలి అన్నీ నా నెత్తినే పడితే, కడుపునొప్పని మూలుగుతూ పడుకున్నాను. ఆమె అటు పోగానే లేచి పట్టుచీర కట్టి, ఆమెకన్నా ముందే వెళ్లి చప్పట్లు కొడుతూ కనిపించాను. ఈ ఇంట్లో సెలవు దొరికే దారి నాకు ఇంకోటి తెలియదు మరి.

నా మొగుడు రాకేశ్ బహ్రెయిన్‌లో ఒక పెద్ద బిల్డింగుకు వాచ్‌మన్. పొద్దంతా కుర్చీలో కూర్చుని కెమెరాల తెరలు చూడటం అతని నౌకరి. ఆ తెరల పక్కనే ఫోన్ నిలబెట్టుకుని మమ్మల్నీ చూస్తాడు. ఆ బిల్డింగుకు పన్నెండు అంతస్తులైతే, పదమూడోది కథలాపూర్ పక్క ఊళ్లోని మా ఇల్లు. "మనసంత గక్కడనే ఉంటది నీలా, కండ్ల ముందట కూసో" అంటే మొదట్లో మురిసిపోయాను. తర్వాత "మొఖం గిటు పెట్టు" అన్నాడు. ఆ తర్వాత "తలుపు గూడ కనబడాలె" అన్నాడు. ఆ తర్వాత "తలుపు కాడ ఎవ్వలు?" అన్నాడు. అందుకని ఫోన్ కుడిగోడ గూట్లో పెట్టాం. బీడీ ఆకు కత్తిరించడానికి వెలుతురేమో ఎదుటి కిటికీ నుంచి రావాలి. అట్లా నా మోకాళ్లు వెలుతురుకు, మొఖం మొగుడికి పంచి ఇచ్చాను.

నొప్పి సంగతి చెబితే అతను తెరలో నన్ను పరీక్షగా చూశాడు. "నేను చూస్తనే ఉన్న గదా! చేతులు ఆగుతలేవు. నొప్పి ఉంటే అంత జోరుగ చేస్తవా?" చేతులు ఆపి చూపించాను. "ఏం సోచాయిస్తున్నవ్? ఎవని గురించి?" అన్నాడు.

ఇక ఈ నొప్పి పెట్టే దొంగను నేనే పట్టాలనుకున్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. ఆయనిచ్చిన గోలీలతో సిలిండర్ ఒకటి నింపొచ్చు. ఎవరో మంత్రం పెట్టారని కల్పన చెవిలో ఊదింది. తంబాకు దుమ్ము లోపల పుండు చేసిందేమో అనిపించింది. అత్తమ్మ పులుసు మీద కూడా అనుమానం వచ్చి, నా వంతు పిల్లికి పోశాను. పిల్లి బలిసింది. సిరిసిల్లలో మా నాయన దుర్గయ్య, బట్ట నేసే సాంచ ఆగితే వేళ్లతో దారాలు తడిమి తెగిన పోగును పట్టేవాడు. నేనూ అట్లాగే నా ఎముకలన్నీ తడిమి చూశాను. ఏదీ తెగలేదు.

కోరుట్ల డాక్టరమ్మ జగిత్యాలలో స్కాన్ తీయించుకోమంది. రాకేశ్ "ఒక్కదానివే? జగిత్యాలకా?" అని మాత్రం అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏది చెప్పినా తప్పే.

అత్తమ్మ నా మూలుగు వినలేక చివరికి పందెం వేసింది. "నేను గూడ బతుకంత బీడీలే చేసిన. నడుం గుంజింది, మెడ గుంజింది. గీ పక్కబొక్క కింద నొచ్చుడు ఎన్నడెరుగ. పో, చూపిచ్చుకో. వాని ఫోను ముందట నీ జాగల నేను కూసుంట. గాని ఏం లేదని తేలిందనుకో, సచ్చేదాక నొప్పి పేరెత్తద్దు."

నా చీర కట్టించి, కొంగు మొఖం మీదికి గుంజి, నా చోట్లో కూర్చోబెట్టాను.

"గూటి దిక్కు తిరుగు. ఇంకింత. ఏమన్నడిగితే తల ఊపు, మాట్లాడకు. అలిగిననుకుంటడు."

"ఎందుకలిగినవని అడుగడా?"

"అడుగడు."

జగిత్యాలలో చల్లటి జిగురు రాసి నా కడుపంతా తెర మీద చూశారు. కార్జం బాగుంది, మిగతావీ బాగున్నాయి. "ఏం లేదమ్మా, నీ కడుపు ఫస్ట్‌క్లాస్" అని అక్కడి డాక్టరమ్మ నవ్వింది. అంత మంచి కబురు విని అంతగా ఏడ్చిన మనిషిని ఆమె చూసి ఉండదు. ఏం లేదంటే నా నోరు కుట్టేసినట్టే. నొప్పి ఉంటుంది, చెప్పుకునే హక్కు ఉండదు. అందుకని బస్సులో నా కడుపులో ఒక రాయి పుట్టించాను. ఎక్కేటప్పుడు కందిగింజంత ఉండె. కోరుట్ల దాటేసరికి చింతగింజంత అయింది. ఊళ్లో దిగేసరికి కోడిగుడ్డంత.

ఫోన్‌కు కనబడకుండా పెరటి తలుపులోంచి వచ్చి గుసగుసగా చెప్పాను. "రాయట అత్తమ్మా. కోడిగుడ్డంత ఉన్నదట."

ఆమె చేతులు ఆగాయి. చాట పక్కకు నెట్టి, కుడి పక్కటెముక కింద అరచెయ్యి అదిమి పట్టుకుంది.

"మరి నాకెక్కడి గుడ్డే?" గుసగుస ఆమెకు చేతకాదు. "పొద్దటికి లేకుండె. నువ్వన్నట్టే, కత్తెర తిప్పినట్టున్నది!"

అప్పుడు చూశాను ఆమెను. మోకాళ్లు కిటికీకి, మొఖం గూటికి. నడుం దగ్గర పిండిన బట్టలా మెలి పడి ఉంది. ఆమె నన్ను చూసింది, తన మోకాళ్లను చూసుకుంది, ఫోన్‌ను చూసింది.

"నేను బీడీలు చేసిన దినాలల్ల గీ ఫోను లేకుండె" అంది మెల్లగా.

నా కోడిగుడ్డు పగిలింది. "రాయి లేదత్తమ్మా. స్కాన్ల ఏం లేదు. అబద్ధం చెప్పిన."

గూట్లోంచి గొంతు లేచింది. "అవ్వా? గది నువ్వా? పొద్దట్నుంచి నువ్వేనా? నీల ఏది?"

పొద్దంతా చూశాడు. కన్నతల్లికీ కట్టుకున్నదానికీ తేడా పట్టలేదు. తలుపు మాత్రం కదలలేదని తృప్తిగా ఉన్నాడు.

అత్తమ్మను లేపి నా చోట్లో కూర్చున్నాను. చాట కిటికీకి, మోకాళ్లు కిటికీకి, మొఖమూ కిటికీకి. అతనికి నా చెవి కనబడి ఉంటుంది.

"నీలా, మొఖం గిటు పెట్టు."

"పొద్దట్నుంచి నువ్వు చూసింది నన్ను గాదు" అన్నాను ఆకు కత్తిరిస్తూ. "చెప్పకుంట జగిత్యాల పోయిన. నిన్ను మోసం చేసిన, ఒప్పుకుంటున్న. ఇగ గటు తిరుగ."