కల్సావు టాబ్లెట్ చల్లబడేదాకా

కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని నర్సు చెప్పడంతో, నా కూతురు లెయ్‌మారాను రాజధాని పోర్ట్ విలాలోని ఆసుపత్రికి పంపడానికి విమానం పిలిపించాం. మా దీవి గడ్డి రన్‌వే మీద అది ఎండలో ఆగేసరికి పైలట్ కల్సావు టాబ్లెట్ వేడెక్కి ఆరిపోయింది. దారి పటాలన్నీ అందులోనే ఉన్నాయి. అది వెలగనిదే విమానం లేవకూడదు.

నేను దాన్ని లాక్కుని చేపల ఐసుపెట్టెలో పెట్టబోయాను.

“వద్దు పిన్నీ!” కల్సావు అడ్డుపడ్డాడు. “తడి చేరితే పూర్తిగా పోతుంది. నీడలో పెట్టి విసురు, చాలు.”

రెక్క కింద కూర్చుని మొగలాకు విసనకర్రతో విసిరాను. ఇక్కడి నుంచే ఆసుపత్రికని విమానమెక్కిన నా భర్త, మా అక్క తిరిగి రాలేదు. నా చేయి ఆగింది.

“నన్ను పంపడం ఇష్టం లేదు కదూ అమ్మా?” నొప్పుల మధ్యే లెయ్‌మారా ఎగతాళి చేసింది.

“నోరు మూసుకుని ఊపిరి పీల్చు,” అని మరింత జోరుగా విసిరాను.

కాసేపటికి తెర వెలిగింది. కల్సావు అందులోని ప్రయాణికుల బరువుల లెక్కలో లెయ్‌మారా బరువు ఎక్కించాడు.

“తిరుగు ప్రయాణానికి ఇంకో నాలుగు కిలోలు కలుపు,” అన్నాను.

“నాలుగే? మీ ఇంటి పిల్లలకు అయిదు వెయ్యాలి పిన్నీ!”